పిల్సెన్ నేలమాళిగలో మా చిన్నమ్మ

మా మైదుకూరులో నాలుగు రోడ్ల కూడలి దగ్గర నిలబడితే ఒక దారి కడపకు, ఒకటి కర్నూలుకు, ఒకటి ప్రొద్దుటూరుకు, ఒకటి బద్వేలుకు పోతాయి. చిన్నప్పుడు లోకంలో ఉన్న దారులన్నీ ఇవేననుకునేదాన్ని. అలాంటి నేను, అరవై దాటాక, చెక్ దేశంలో ఒక బీరు కార్ఖానా గేటు ముందు టికెట్టు పట్టుకుని నిలబడతానని ఎవరైనా చెప్పివుంటే నవ్వేదాన్ని. నవ్వడమేమిటి, మా చిన్నమ్మ వింటుందేమోనని వాళ్ళ నోరు మూసేదాన్ని.

మా చిన్నమ్మ గురించి ముందు చెప్పాలి. మా చిన్నాయనకు కె.సి. కాలవ కింద రెండెకరాల మాగాణి ఉండేది. పసుపు పండేది. ఆ రెండెకరాలూ ఆయన గొంతులోకే దిగిపోయాయి. సారా అంగడి మా వీధి చివరనే. మొదట సాయంత్రాలు పోయేవాడు, తర్వాత పొద్దున్నే పోయేవాడు, చివరికి మా చిన్నమ్మ కాలి మెట్టెలు కూడా పోయాయి. ఆయన పోయేనాటికి ఆమెకు ముప్ఫై అయిదేళ్ళు, ముగ్గురు పిల్లలు. ఒకప్పుడు తనదే అయిన చేలో కూలికి పోయి పసుపు కొమ్ములు ఏరింది. పిల్లల్ని చదివించింది. అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టుదల. తాగినవాడు, వాడు ఎంతటివాడైనా సరే, ఆమె గడప తొక్కకూడదు.

నేను మా అమ్మాయి దగ్గరికి జర్మనీకి బయల్దేరేటప్పుడు ఊరగాయ జాడీ చేతికిస్తూ, "ఆ దేశాల్లో నీళ్ళకు బదులు అదే తాగుతారంట గదా పాపా! నువ్వు మాత్రం ఆ గలాసు పట్టుకున్నోళ్ళ పక్కన కూచోవద్దు" అంది. అరవై దాటినా ఆమెకు నేను పాపనే. "సరేలే చిన్నమ్మా" అని చేతిలో చెయ్యేశాను.

మా అమ్మాయీ అల్లుడూ న్యూరెంబర్గులో ఉంటారు. అక్కణ్ణుంచి చెక్ దేశపు సరిహద్దు దగ్గరే. ప్రాగ్ నగరం చూపిస్తామని తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఈ ఊళ్ళో దింపారు. జర్మన్లు పిల్సెన్ అంటారు. చెక్ వాళ్ళు ప్ల్జెన్ అంటారు. ఆ మాట పలకబోతే నా పళ్ళసెట్టు జారినంత పనైంది కాబట్టి పిల్సెన్ అనే అంటాను.

"ఏముందే ఈ ఊళ్ళో?" అన్నాను. మా అమ్మాయి నసిగింది. "అమ్మా, ప్రపంచంలో ఎక్కడ బంగారురంగు బీరు తాగినా దానికి పుట్టిల్లు ఈ ఊరే. కోప్పడకు, ఇదొక చరిత్ర అనుకుని చూడు" అంది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని. చరిత్ర అంటే కాళ్ళు ఆగవని దానికి తెలుసు.

1892లో కట్టిన జంట కమానుల రాతి గేటు దాటి లోపలికి వెళ్ళాం. ఒక ఆడపిల్ల మా గుంపును వెంటబెట్టుకుని ఇంగ్లీషులో కథ మొదలెట్టింది. ఈ ఊరు 1295లో పుట్టింది. పుట్టించిన రాజు రెండో వాక్లావ్. ఊరి పెద్దల్లో 260 ఇళ్ళవాళ్ళకు బీరు కాచుకునే హక్కు రాసిచ్చాడట. మన దగ్గర రాజులు అగ్రహారాలూ మాన్యాలూ రాసిచ్చినట్టన్నమాట. అయిదు వందల ఏళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు కాచుకున్నారు. ఒకసారి బాగుండేది, ఒకసారి చెడేది. చివరికి 1838లో జనానికి విసుగుపుట్టి, పాడైపోయిన 36 పీపాల బీరును పురపాలక భవనం ముందు నడివీధిలో ఒలకబోశారు. ఆ మరుసటేడు హక్కుదారులందరూ కలిసి ఉమ్మడిగా ఒకే కార్ఖానా పెట్టాలని తీర్మానించుకున్నారు. పక్కనున్న బవేరియానుంచి జోసెఫ్ గ్రోల్ అనే పనివాణ్ణి పిలిపించారు. 1842 అక్టోబరు 5న అతను తీసిన మొదటి కాపు నల్లగా, మడ్డిగా కాక, బంగారంలా, అద్దంలా తేలింది. అప్పటికి బీరంటే ఎక్కువగా ముదురు రంగు పానీయమే. ఇవ్వాళ దేశదేశాల్లో దొరికే లేతరంగు బీర్లలో ఎక్కువభాగం ఆ కాపుకు వారసులే.

వీధిలో పీపాలు ఒలకబోశారన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఒక గదిలో దినుసులు పెట్టారు. ముట్టుకోవచ్చు, వాసన చూడవచ్చు, నోట్లో వేసుకోవచ్చు. నాలుగంటే నాలుగే దినుసులు. నీళ్ళు, బార్లీ, హాప్స్ అనే తీగకు కాసే పచ్చని పూలమొగ్గలు, పులియబెట్టే ఈస్టు. బార్లీగింజలు నాలుగు నోట్లో వేసుకుని కొరికాను. కొరికి అక్కడే నిలబడిపోయాను.

"ఇది మన రాగిమాల్టు గదే!" అన్నాను పైకే, తెలుగులో.

నిజమేనండీ. ఆ తీపి, ఆ కమ్మటి మాడు వాసన, అచ్చం మా జేజి చంటిపిల్లలకు చేసే రాగిమాల్టే. రాగుల్ని ఒక రాత్రి నానేస్తాం. గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తాం. మొలకలు తెల్లగా తొంగిచూడగానే ఆరబెట్టి, దోరగా వేయించి, విసురురాయిలో విసిరి, జల్లెడ పట్టి డబ్బాకెత్తుతాం. బార్లీకి వీళ్ళు చేసేదీ అక్షరాలా అదే. నానబెట్టడం, మొలకెత్తించడం, వేడిగాలిలో ఎండబెట్టడం, మరపట్టడం. మాల్టు అంటే అర్థం అదే, మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని తనే చక్కెరగా మార్చుకోవడానికి కావలసిన సరంజామా తయారుచేసుకుంటుంది. అది పిల్లమొక్కకు తల్లి కట్టిన సద్దిమూట. ఆ సద్దిలోంచే మన బిడ్డకు అరిగే తిండీ వస్తుంది, వీళ్ళ బీరూ వస్తుంది.

తేడా ఆ తర్వాత వస్తుంది. మనం పాలల్లోనో నీళ్ళల్లోనో కాచి బిడ్డకు తాగిస్తాం. వీళ్ళు ఆ పిండిని వేడినీళ్ళలో కలిపి, అందులో కొంత వేరే రాగిడేగిసాలోకి తీసి మరిగించి, మళ్ళీ అందులోనే కలుపుతారు. ఇలా మూడుసార్లు. తేటను వడగట్టి, హాప్స్ మొగ్గలు వేసి ఉడికిస్తారు. చేదు, వాసన, నిలవగుణం వాటివల్లే. చల్లార్చి ఈస్టు కలిపితే అది చక్కెరను తిని సారాయీ పొంగూ పుట్టిస్తుంది. మన ఇడ్లీపిండి రాత్రికి రాత్రి గిన్నె అంచు దాటడంలేదూ? పొంగు సంగతి అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంకో చమత్కారం. హాప్స్ తీగల్లో ఆడతీగలు, మగతీగలు వేరువేరుగా ఉంటాయి. బీరుకు పనికొచ్చే మొగ్గలు ఆడతీగలవే. తోటలో మగతీగ కనిపిస్తే పీకి పారేస్తారట. ఆ మాటకు మా గుంపులో ఆడవాళ్ళమందరం నవ్వాం. మగవాళ్ళు గోడలకేసి చూశారు.

ఆ నవ్వు వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇవ్వాళ బీరంటే మగవాళ్ళ వ్యవహారం. కాని మొదట అది వంటింటి పని. నాలుగువేల ఏళ్ళనాటి సుమేరు దేశంలో బీరుకు అధిదేవత ఆడది, నిన్‌కాసి ఆమె పేరు. ఆమె మీద కట్టిన స్తోత్రంలోనే బీరు కాచే పద్ధతి ఉంది. బాబిలోను రాజు హమ్మురాబి శిక్షాస్మృతిలో కల్లంగడి నడిపే ఆడదానికి ప్రత్యేకంగా నిబంధనలున్నాయి. కొలతలో మోసం చేస్తే నీళ్ళలో తోసెయ్యమన్నాడు. ఐరోపాలో శతాబ్దాలపాటు రొట్టె కాల్చడమెలాగో బీరు కాచడమూ అలాగే ఇల్లాలి పని. హాప్స్ మొగ్గ వేస్తే పానీయం చెడిపోకుండా నిలుస్తుందని 12వ శతాబ్దంలో రాసిపెట్టింది హిల్డెగార్డ్ అనే జర్మన్ సన్యాసిని. మార్టిన్ లూథరు భార్య కతరీనా ఇంట్లో తనే బీరు కాచి పెద్ద సంసారం ఈదింది. మన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా సురకు కావలసిన పులుపుమందు సేకరించే పని ఆడవాళ్ళకూ పిల్లలకూ అప్పజెప్పాడు.

ఇంటి పనిగా ఉన్నంతకాలం ఆడవాళ్ళది. దాంట్లో డబ్బుందని తేలి, సంఘాలూ లైసెన్సులూ పెద్ద పెద్ద డేగిసాలూ వచ్చాక మగవాళ్ళది. ఒక్క బీరు సంగతేనా, ఆలోచించండి.

చివరికి మమ్మల్ని నేలమాళిగలోకి దింపారు. ఇసుకరాతిలో తొలిచిన సొరంగాలు. కార్ఖానా కింద అన్నీ కలిపితే 9 కిలోమీటర్లట. బయట ఎండ కాస్తున్నా లోపల స్వెట్టరు వేసుకోవలసిన చలి. గోడలు చెమ్మగా ఉన్నాయి. నిలువెత్తు చెక్కపీపాలు వరసగా ఉన్నాయి. ఒక పనివాడు పీపా బిరడా తిప్పి, వడగట్టని బీరు గ్లాసుల్లోకి పట్టి అందరికీ ఇస్తున్నాడు. మా వంతు వచ్చింది. అల్లుడు నావైపు చూడకుండా పక్కకు తప్పుకున్నాడు, పాపం. అమ్మాయి తన గ్లాసు తీసుకుంది. నాకిచ్చిన గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ చలిలో నాకు మా చిన్నమ్మ కనిపించింది. మెట్టెల్లేని కాళ్ళు కనిపించాయి.

నా పక్కన డెబ్బై అయిదేళ్ళ చెక్ పెద్దావిడ నిలబడివుంది. ఊరావిడే. బయటినుంచి వచ్చిన మనవరాలికి కార్ఖానా చూపించడానికి వచ్చింది. నా చీర వంక, నా మొహం వంక చూసి జర్మన్‌లో ఏదో అంది. మా అమ్మాయి చెప్పింది. "బలవంతమేమీ లేదు, పట్టుకుని నిలబడ్డా మర్యాదే అంటున్నారమ్మా." ఆ మాటతో నాకెందుకో ధైర్యమొచ్చింది. ఆవిడ గ్లాసు నా గ్లాసుకు తగిలించి, కళ్ళల్లోకి చూసి "నజ్ద్రావి" అంది. ఆరోగ్యంగా ఉండమని దీవెన. ఆ మాట అనేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూడకపోతే అక్కడ తప్పు.

మీ దగ్గర దాపరికమెందుకు? ఒక్క గుక్క తాగాను. ముందు వేపచిగురు చేదు. తర్వాత ఎక్కడో అడుగున మాల్టు తీపి. అంతే. మిగిలింది మా అమ్మాయి గ్లాసులో పోసేశాను.

పైకొచ్చాక పెద్దావిడ తమతో కూర్చొమ్మంది. అక్కడి పద్ధతి అది. పొడుగు బల్లలు, ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. చిన్నమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. గలాసు పట్టుకున్నవాళ్ళ పక్కనే కూర్చున్నాను. నాకు ఎర్రటి పళ్ళరసం సోడా తెప్పించారు. చుట్టూ కుటుంబాలు. తాతలు, మనవలు, పసిపిల్లల బళ్ళు. అరుపులు లేవు, తూలేవాళ్ళు లేరు. మనిషికి ఇంత అని లెక్కగడితే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బీరు తాగేది ఈ దేశంవాళ్ళే. అయినా చూడబోతే మన ఊళ్ళో హోటల్లో టిఫిను చేస్తున్నంత ప్రశాంతంగా ఉంది.

"మీకు అదృష్టం. మా దగ్గర తాగుడంటే ఇల్లు కూలడమే" అన్నాను. మా అమ్మాయి జర్మన్‌లో చెప్పింది. ఆవిడ గ్లాసు కింద పెట్టింది. కాసేపాగి మెల్లిగా చెప్పింది. "మీరు చూస్తున్నది మధ్యాహ్నం. మా నాన్న ఇంటికొచ్చేది అర్ధరాత్రి. జీతం రోజున మా అమ్మ నన్ను ఈ గేటు దగ్గరే నిలబెట్టేది, డబ్బు ఆయన చేతినుంచి జారకముందే అందుకోమని. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు."

ఆ మాటలకు మా అమ్మాయి గొంతు వణికింది. నాకూ ఆవిడకూ మధ్య భాష లేదు. చెయ్యి పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ పీపాల సంగతి. పిల్సెన్ వాళ్ళు బీరు బాగాలేదని వీధిలో పోశారు. మన ఆడవాళ్ళు సారా ఇల్లు కూలుస్తోందని వీధిలో పోశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చిన కూలీ ఆడవాళ్ళు, వాచకంలో తమ కథలాంటి పాఠం చదివి, రోసమ్మ లాంటివాళ్ళు ముందు నడవగా సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకింది, మా సీమ జిల్లాలకూ వచ్చింది. ప్రభుత్వమే ప్యాకెట్లలో పోసి, వేలంపాటలు పెట్టి అమ్మించిన సారా అది. పాటల దగ్గర చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు. మా చిన్నమ్మ కూడా కొంగు బిగించి పోయింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరి 16నుంచి మొత్తం మద్యపానమే నిషేధించారు. 1997లో ఖజానా నిండుకుందని ఆ నిషేధం సడలించారు.

ఖజానా మాట మా జిల్లాకు కొత్తకాదు. రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలెట్టి, 1938లో చిత్తూరుకూ మా కడపకూ తెచ్చారు. పెళ్ళై కొత్తగా కాపురానికొచ్చిన మా జేజి, ఆ ఏడు కల్లంగడి తలుపు మూస్తే ఊరు ఊరంతా చూడ్డానికి పోయిందని చెప్పేది. అలా పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను పెట్టారు. ఆ తర్వాత మద్యనిషేధం పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. అమ్మకాల మీద పన్ను మాత్రం పేర్లు మార్చుకుంటూ మనతోనే ఉండిపోయింది. చీర కొన్నప్పుడల్లా కడుతూనే ఉన్నాం. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిందే, దానికి కారణమూ ఈ మద్యనిషేధం తగాదానే. ప్రభుత్వాలు నిలబడ్డా పడ్డా ఆ సీసా అడుగున ఏదో ఒకటి ఉంటూనే వచ్చింది. ఆ లెక్కల్లో మా చిన్నమ్మ మెట్టెల ఖరీదు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

మరి అక్కడ బీరు, ఇక్కడ సారా అని పోల్చడం సబబేనా? కొంతవరకే. పిల్సెన్ బీరులో సారాయి నూటికి 4.4 వంతులు. బెల్లమూ తుమ్మచెక్కా పులియబెట్టి, బట్టీపెట్టి దించిన సారాది దానికి ఎన్నో రెట్లు. వాళ్ళు కడుపునిండా తింటూ, పదిమందిలో కూర్చుని తాగుతారు. ఇక్కడ ఎండలో ఒళ్ళు విరగ్గొట్టుకున్న మనిషి ఖాళీకడుపుతో, ఒక్క దమ్మున పోసుకుంటాడు. ఇవన్నీ నిజమే. కాని గేటు దగ్గర నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్లను చూశాక, తప్పంతా ఎండదీ పేదరికానిదీ అనడానికి నాకు నోరు రాలేదు.

ఊరికి తిరిగొచ్చాక మూడురోజులు చిన్నమ్మకు ఎదురుపడలేదు. నాలుగోరోజు ధైర్యంచేసి పోయాను. వసారాలో కూర్చుని మునిమనవడికోసం రాగుల మూట విప్పుతోంది. తెల్లటి మొలకలు. వాసన తగలగానే నాకు పిల్సెన్ గుర్తొచ్చింది. దాచకుండా అన్నీ చెప్పాను. గుక్క తాగిన సంగతి కూడా చెప్పి, తలొంచుకున్నాను.

చిన్నమ్మ మాట్లాడలేదు. రాగులు చేటలో పల్చగా పరుస్తూ ఉంది. ఇక లేచి పొమ్మంటుందేమో అనుకున్నాను.

"ఆయమ్మకు పిల్లోల్లు ఎంతమంది?" అంది చివరికి.

"తెలీదు చిన్నమ్మా. మనవరాలిని చూశాను."

"వాళ్ళమ్మ మెట్టెలు గూడ పోయినాయేమో, పాపం."

"వాళ్ళు మెట్టెలు పెట్టుకోరు చిన్నమ్మా."

"ఏదో ఒగటి పెట్టుకుంటారు లే. అదే పోయింటాది."

తర్వాత చేట నా చేతికిచ్చింది. "ఇంగొగ దినం పెడితే పులుస్తాది. నీడన ఆరేసి రాపో" అంది. ఆరేసి వచ్చాను. పోతూ ఉంటే లోపలినుంచి పాతడబ్బా తెచ్చి, పోయిన వారం విసిరిన రాగిపిండి కాగితంలో పొట్లం కట్టింది.

"మల్లా ఆ దేశం పోతే ఆయమ్మకు ఇయ్యి. పాలల్లో కాంచుకొని తాగమను. ఒంటికి మంచిది."